విత్తనపు కుప్ప మీద ఒట్టు

వేల్పూర్ అవతలి పల్లెలో కనకవ్వను ఎరగనివారు లేరు. దారిన పోయేవాడు దాహమంటే మజ్జిగలో ఉప్పు కలిపి మరీ ఇచ్చే మనిషి. భర్త పోయాక, రోడ్డు పక్క పసుపు చేను కోసం మరిది భూమన్నతో తగువు పడి కింది కోర్టులో ఓడిపోయింది. పై కోర్టుకు పోదామని ఆర్మూర్ వకీలు శ్రీపతిని నమ్ముకుంది.

ఆయన గడువులోపల అప్పీలు వేయడం మరిచాడు. మరిచానని చెప్పడానికి నోరు రాలేదు. "వాయిదా పడ్డది అవ్వా, పోయి రా," అని చాయ్ తాగించి పంపేవాడు. ఆమె కూడా వట్టి చేతులతో పోయేది కాదు. పెరట్లో కాసిన కాయో పండో కొంగున కట్టుకొని పోయేది.

ఒక మృగశిర కార్తెలో భూమన్న ఆ చేనులో ట్రాక్టర్ పెట్టాడు. కనకవ్వ గట్టు మీద నిలబడి కేకేసింది.

"కేసు నడుస్తుంటే ఎట్ల దున్నుతున్నవ్ భూమన్నా?"

"యాడి కేసు వదినె? నీ వకీలు అప్పీలే ఎయ్యలే. చాయ్ పోసి నిన్ను ఉత్తగనే తిప్పుతున్నడు!"

ఎగతాళిగానే అన్నాడు. కానీ ఆమె గట్టు మీదే కూలబడేసరికి ట్రాక్టర్ ఆపి, తన నీళ్ల సీసా తెచ్చి ఇచ్చాడు.

సంగతి బయటపడిందని తెలిసి శ్రీపతి ఆ సాయంత్రమే కనకవ్వ ఇంటికి వచ్చాడు. భార్య దవాఖానలో ఉందని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నాటడానికి సిద్ధంగా ఉన్న విత్తనపు పసుపు కుప్ప మీద చెయ్యి పెట్టాడు.

"నీ చేను నీకు ఇప్పిస్త అవ్వా. జర ఓపిక పట్టు."

విత్తనం ముట్టి మాట తప్పితే మొలక రాదని ఆ ఊరి నమ్మకం. ఎవరూ తప్పరు. పైగా కష్టంలో ఉన్నవాణ్ని కోర్టుకీడ్చడం పాపమనుకుంది కనకవ్వ. ఆగింది. మిగిలిన చెలకలో ఏటేటా పసుపు తవ్వారు, ఉడకబెట్టారు, మళ్లీ నాటారు. చివరికి ఒక ఎండాకాలం "ఇగ నాతోని కాదు" అని ఆయన చేతులెత్తేసేదాకా ఆగింది.

నాట్లయ్యాక కోడలు స్వర్ణలత బలవంతాన మరో వకీలు విద్యావతి దగ్గరికి తీసుకొచ్చింది.

"చేను ఇగ రాదవ్వా. ఆయన మీద నష్టపరిహారం దావా ఎయ్యొచ్చు. దానికి మూడేండ్లే గడువు. కానీ ఆయన దాచిపెట్టిండు కాబట్టి, నీకు తెలిసిన దినం నుంచే లెక్క. ఎప్పుడు తెల్సింది?"

స్వర్ణలత అత్త చెయ్యి నొక్కింది. "గీ ఎండకాలమే కదా అత్తమ్మా, సారు కాదన్నప్పుడు?"

"కాదు బిడ్డా. భూమన్న దున్నిననాడే తెల్సింది. దేవుడు చూస్తుండంగ తెల్వదని ఎట్లంట?" అని అది ఏ ఏటి మృగశిరో చెప్పింది.

విద్యావతి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "మొన్ననే నిండినయి అవ్వా మూడేండ్లు. తెలిసినంక ఆయన ఎన్ని ఒట్లు పెట్టుకున్నా కోర్టు లెక్కల పెట్టదు."

"విత్తనం ముట్టిండు కదమ్మా?"

విద్యావతి లేచి వచ్చి, ఆమెను పట్టుకొని మెట్లు దించింది.

బస్సులో కనకవ్వ కిటికీ పక్కన కూర్చుంది. వేల్పూర్ దాటి, చేను కనిపించే మలుపు దగ్గరపడగానే స్వర్ణలత లేచింది.

"ఎండ కొడుతది అత్తమ్మా, గిటు జరుగు."

ఆకాశం నిండా మబ్బు పట్టి ఉంది. కనకవ్వ ఇవతలి సీట్లోకి జరిగింది.