గీత దాటిన సీసా

నా చిన్నప్పుడు ఎవరైనా గుప్పిట మూసుకుని దగ్గరికొస్తే రెండడుగులు వెనక్కి వేసేదాన్ని. కారణం మా చిన్నాయన. రేగుపండు ఇస్తాను, కళ్లు మూసుకోమని చెప్పి, నా అరచేతిలో బతికున్న మిడతను పెట్టాడు. అందరూ పకపకా నవ్వారు. ఆనాటి నుంచి పురుగంటే ఎంత భయమో, మనిషి మాటంటే అంత అనుమానం. దుప్పటి నాలుగుసార్లు దులిపితేగాని పడుకునేదాన్ని కాదు. అమ్మ కలిపి పెట్టిన ముద్దను కూడా విప్పి చూసుకునేదాన్ని.

మా పల్లె నుంచి ఆత్మకూరు బడికి సజ్జచేల గట్ల మీదే దారి. వానలు పడ్డాక అడుగేస్తే చాలు, మిడతలు ఎగిరి పావడా మీద పడేవి. నాకు పదో ఏడు వచ్చేసరికి ఇక కదలనని మొండికేశాను. నెలరోజులు బడికి పోలేదు. నాయన విసిగిపోయాడు.

"మిడతకి బయపడేదానికి చదువెందుకు? ఇంటికాడ పేడెత్తుకుంటా ఉండమను" అన్నాడు.

ఆ దసరా సెలవులకే, ఉదయగిరిలో పంతులమ్మగా పనిచేసే మా మేనత్త వచ్చింది. మర్నాడు ఒక గాజుసీసాలో మిడతను వేసి, నాలుగు గరికపోచలు పెట్టి, మూతికి పలుచని గుడ్డ కట్టింది.

"యాడ పెట్టమంటావో నువ్వే చెప్పు. ఆడనే పెడతా" అంది.

"కంపకాడ" అన్నాను, గడప లోపల నుంచే.

దొడ్డి చివర ముళ్లకంప దగ్గర పెట్టి, తన పనిలో పడింది. చూడమనలేదు, రమ్మనలేదు. అదే నాకు మరింత అనుమానం. ఆమె నాయనతో మాట్లాడుతుంటే తలుపు చాటున చెవి పెట్టాను. ఆమె బెల్లంముక్క ఇస్తే వాసన చూసి తిన్నాను. రోజూ అడిగేది, రేపు ఎక్కడ పెట్టాలని. నేను చెప్పిన చోటు దాటి వేలెడు కూడా జరిపేది కాదు. వారానికి సీసా వసారా చివరికి వచ్చింది. అయినా నమ్మలేక నేల మీద బొగ్గుతో అడ్డగీత గీశాను, ఇది దాటకూడదని. సరేనంది.

ఒకరోజు పొద్దున్నే లేచి చూస్తే సీసా గీత దాటి, నా పక్క దగ్గరే ఉంది. మిడత అద్దానికి కాళ్లు ఆనించి నన్నే చూస్తోంది. ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను.

"నాకు తెలుసు! నువ్వూ చిన్నాయన మాదిరే!"

అత్త సీసా తీసుకెళ్లి కంప దగ్గర పెట్టి వచ్చింది.

"మాట తప్పింది అమ్మీ. నేను చూసుకోవాల్సింది. మళ్లీ మొదట్నించే చేద్దాం" అంది.

సెలవులు ఇంక నాలుగు రోజులే.

మధ్యాహ్నం మా అవ్వ గొణుక్కుంటూ వచ్చింది. "వసారా చిమ్మతా నేనే జరిపినాను. దానికింత రాద్ధాంతమేంది?"

నేను అత్త దగ్గరికి పరుగెత్తాను. "నువ్వు జరపలేదని చెప్పలేదేం?"

"మాటిచ్చింది మీ అవ్వ కాదు గదా, నేను" అంది.

ఆ సాయంత్రం సీసాను నేనే వసారాలోకి తెమ్మన్నాను. మర్నాడు అద్దాన్ని తాకాను. ఆ మర్నాడు గుడ్డ ముడి నా చేత్తోనే విప్పాను. మిడత చాలాసేపు బయటికి రాలేదు. వచ్చి నా వేలెక్కితే దాని కాళ్లు సన్నటి ముళ్లలా గుచ్చుకున్నాయి. అయినా చెయ్యి విదిలించలేదు. అది ఎగిరిపోయాక ఏడ్చానో నవ్వానో నాకే తెలియలేదు.

అత్త వెళ్లేరోజు బస్సుదాకా గట్ల మీద ఆమె వెనకే నడిచాను. పావడా మీద మిడతలు పడితే దులుపుకున్నాను. నాయన నమ్మలేదు. "రేపు బడికి ఒక్కదాన్నే పంపి చూద్దాం" అన్నాడు. వెళ్లాను.

ఆ భయం పూర్తిగా పోయిందని అనను. ఇప్పటికీ పురుగు కనిపిస్తే ఒళ్లు జలదరిస్తుంది. చేత్తో పట్టి బయట వదలగలను, అంతే. నాలో గట్టిగా నిలిచింది వేరొకటి. నేనిచ్చిన మాట ఎవరి వల్ల చెడినా, "నేను కాదు" అనడానికి నోరు రాదు. లేచి వెళ్లి, మళ్లీ మొదట్నించి మొదలుపెడతాను.