గిల్టుకేం కాదు

నా చిన్నప్పుడు బందరులో మా పేటలో ఏ ఇంటి ముందు నిలబడ్డా గిల్టు పని వాసనే వచ్చేది. మెరుగు పెట్టే నీళ్ల పుల్లటి వాసన అది. మా నాన్న గిల్టు నగలు చేయించి ఊళ్లకు పంపేవారు. వసారాలో పనివాళ్లు చాపల మీద కూర్చుని దుద్దులకీ హారాలకీ రాళ్లు అతుకుతూ ఉండేవారు. మా కుక్కకి గిల్టు అని పేరు పెట్టింది వాళ్లే.

అది మా ఇంటికి వచ్చినప్పుడు గిల్టు కాదు. నాన్న స్నేహితుడొకాయన గుడివాడ నుంచి బుట్టలో తెచ్చి, అసలు సిసలు ఆల్సేషన్ అని చెప్పి ఇచ్చి వెళ్లాడు. నాన్న పొంగిపోయారు. దాన్ని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి నులిపురుగుల మందు పట్టించారు. పాలల్లో గుడ్డు కొట్టి పోయించారు. చెవులు ఎప్పుడు నిక్కుతాయా అని రోజూ పొద్దున్నే చూసుకునేవారు. ఒక చెవి నిక్కింది. రెండోది ఎన్నాళ్లు చూసినా వాలిపోయే ఉంది. తోక కిందికి వేలాడాల్సింది పోయి, వంకీ తిరిగి వీపు మీదికి ఎక్కింది. తల్లి ఆల్సేషనేనట గానీ తండ్రి గుడివాడ బస్టాండులో తిరిగే కుక్కల్లో ఏదో ఒకటని తర్వాత తెలిసింది. "మెరుగు బాగానే పెట్టారండీ, చెవి దగ్గరే రాగి బయటపడింది" అన్నాడు వసారాలో ఒకాయన. అందరూ నవ్వారు, నాన్న కూడా నవ్వారు. ఆ రోజు నుంచి అది గిల్టు.

పేరుతో పాటు దాని రోజులూ మారాయి. గుడ్డు ఆగిపోయింది. ఆసుపత్రి ఊసు ఎవరూ ఎత్తలేదు. నాన్నకి దాని మీద కోపమేమీ లేదు, ప్రేమగానే పిలిచేవారు. ఎవరైనా అడిగితే మాత్రం "నాటు రక్తం కలిసిందండీ, దానికేం కాదు" అనేవారు. అది ఆయన మెచ్చుకోలు.

మా పక్కింట్లో ఒక పిన్ని ఉండేది. చుట్టమేమీ కాదు, ఆడపిల్లల బళ్లో లెక్కలు చెప్పేది. ఆవిడకి స్వీటీ అని తెల్లటి పామేరియన్ ఉండేది. దాని సేవ చూసి పేటంతా ముక్కున వేలేసుకునేది. ఆ జాతికి పళ్లు తొందరగా పాడవుతాయని గుడ్డతో పళ్లు తోమేది. మెడకి పట్టీ కడితే దగ్గొస్తుందని ఛాతీ చుట్టూ కట్టేది. మోకాలి చిప్ప జారుతుందని మంచం మీంచి దూకనిచ్చేది కాదు. "కుక్కకి పళ్లు తోమడమేమిటే తల్లీ, విడ్డూరం కాకపోతే!" అని మా నాయనమ్మ గోడ మీంచి అరిచేది. పిన్ని నవ్వి ఊరుకునేది. కుక్కలకి వేసే టీకా అప్పట్లో మా ఊళ్లో దొరికేది కాదు. పిన్ని తమ్ముడు ఏటా బెజవాడ నుంచి ఫ్లాస్కులో ఐసు ముక్కలు వేసి తెచ్చేవాడు. ఒక ఏడు పిన్ని, మీ దానికి కూడా తెప్పించనా అని నాన్నని అడిగింది. "దానికెందుకమ్మా!" అన్నారు నాన్న.

ఆ ఏడే వానాకాలంలో మా అమ్మ కామెర్లతో పోయింది.

తమ్ముడు గుక్కపట్టి ఏడ్చాడు. నాయనమ్మ గుండెలు బాదుకుంది. నాకు ఏడుపు రాలేదు. ఆపుకున్నానని కాదు, రాలేదంతే. నాకప్పుడు పదేళ్లు. వచ్చినవాళ్లకి మంచినీళ్లు ఇచ్చాను. గుమ్మంలో చెప్పులు పక్కకి సర్దాను. అమ్మ చీర ఆరవేసి ఉంటే తీసి మడతపెట్టాను. నా చేతులు ఎవరివో అన్నట్టు వాటి పని అవి చేసుకుపోయాయి. "పెద్దది గట్టిది, దానికేం కాదు. చిన్నాణ్ణి చూసుకోండి" అని ఎవరో అన్నారు. ఆ మాట ఎక్కడో విన్నట్టు అనిపించింది. ఎక్కడో గుర్తుకు రాలేదు.

ఆ తర్వాత తమ్ముణ్ణి ఎవరో ఒకరు ఒళ్లో కూర్చోబెట్టుకుని తినిపించేవారు. నా కంచం నా ముందు పెట్టి వెళ్లిపోయేవారు. అన్నం కలిపేదాన్ని, కెలికేదాన్ని, ఎవరూ చూడకుండా పెరట్లోకి తీసుకెళ్లి గిల్టు చిప్పలో వేసేదాన్ని. అది క్షణంలో నాకేసేది. ఖాళీ కంచం చూసి నాయనమ్మ, బంగారు తల్లి అనేది. అలా ఎన్నాళ్లు గడిచిందో తెలియదు. ఆకలి అనేది ఒకటుంటుందని కూడా మర్చిపోయాను.

ఒక రోజు గిల్టు చిప్ప ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు. కళ్లలో పుసులు కట్టాయి, ముక్కు కారుతోంది, దగ్గుతోంది. నాన్నకి చెప్పాను. ఆయన కిటికీ వైపు చూస్తూ "వానకి జలుబు చేసుంటుందమ్మా. నాటుది కదా, దానికేం కాదు" అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ మాట ఎక్కడ విన్నానో. గుర్తొచ్చినా ఏమీ అనిపించలేదు. పెరట్లోకి వెళ్లి గిల్టు పక్కన కూర్చున్నాను.

బడికి వెళ్తూ పిన్ని గోడ మీంచి చూసినట్టుంది, లోపలికి వచ్చింది. గిల్టు కళ్లు చూసింది, తర్వాత చిప్ప చూసింది. అందులో ముందురోజు అన్నం, పొట్లకాయ కూర కలిపింది కలిపినట్టే ఉంది, ఈగలు ముసురుతున్నాయి. మా ఇంట్లో వండిన కూరే అది. కుక్కకి ఎవరూ అలా కలిపి, ముద్దలు చేసి పెట్టరు. పిన్ని నా వైపు చూసింది.

వసారాలోకి వెళ్లి నాన్నతో "అన్నయ్యగారూ, దీన్ని ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. పిల్లని నాతో పంపండి" అంది.

"దానికేం కాదమ్మా" అన్నారు నాన్న.

"అవుతుందండీ" అంది పిన్ని. "దానికీ అవుతుంది."

ఆవిడ గొంతు పెంచలేదు. కానీ పనివాళ్ల చేతులు ఆగిపోయాయి. నాన్న ఆవిణ్ణి చూశారు, నన్ను చూశారు, తలవంచుకుని సరేనన్నారు. ఆ రోజు ఆవిడ బడి మానేసింది.

రిక్షాలో గిల్టు తల నా ఒళ్లో పెట్టుకున్నాను. దాని ఒళ్లు కాలిపోతోంది. పశువుల ఆసుపత్రి నిండా గేదెలే, మధ్యలో మేం ముగ్గురం. డాక్టరుగారు దాన్ని చూసి "స్వీటీ ఏదమ్మా? ఇదేం కుక్క?" అని అడిగారు. "మాదేనండీ" అంది పిన్ని. ఆయన అడిగింది జాతి గురించి. ఆవిడకీ తెలుసు. అయినా ఇంకో మాట చెప్పలేదు. ఆయన దాని కనురెప్పలు తీసి చూశారు, అరికాళ్లు నొక్కి చూశారు, ఛాతీకి గొట్టం పెట్టి విన్నారు. టీకా వేయించారా అంటే లేదంది పిన్ని.

"అందరూ ఇక్కడే పొరబడతారు" అన్నారాయన. "జాతిని బట్టి వచ్చే జబ్బులు కొన్నుంటాయి, మీ స్వీటీ పళ్లూ మోకాళ్లూ అవే. నాటు రక్తం కలిస్తే అలాంటివి కొన్ని తప్పుతాయి, కాదనను. అదీ ఏ వైపు నుంచి ఏది వచ్చిందో చెప్పలేం. కానీ ఇది కుక్కన్న ప్రతిదానికీ అంటుకునే జబ్బు. ఇది చెవులు చూసి రాదు." ఛాతీలో చేరిన కఫానికి సూది వేశారు గానీ, అసలు జబ్బుకి మందు లేదన్నారు. కళ్లు తుడవాలి, గంజి చుక్కచుక్కగా పట్టాలి, చల్లగా చీకటిగా ఉన్నచోట పడుకోబెట్టాలి. నిలబడితే నిలబడుతుంది, లేకపోతే లేదు. ఆయన చెప్పింది అంతే. నేను పక్కనే ఉండి దాని తల పట్టుకుని అంతా విన్నాను.

స్వీటీకి టీకా పడింది కాబట్టి పిన్నికి కాస్త ధైర్యం. అయినా దాన్ని లోపల కట్టేసి, మా కట్టెల కొట్టంలో గోనెసంచి పరిచి గిల్టుని పడుకోబెట్టింది. మెత్తటి మజ్జిగన్నం ఒక గిన్నెలో, పల్చటి గంజి ఇంకో గిన్నెలో తెచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"డాక్టరుగారు చెప్పారుగా, ఎదురుగా మనిషి తింటుంటేనే ఇది తింటుందట. నువ్వొక ముద్ద తిను, దానికి నేనొక చెంచా పడతాను."

డాక్టరుగారు అలా చెప్పలేదు. నేను అక్కడే ఉన్నాను. పిన్ని ముఖంలోకి చూశాను. ఆవిడ లెక్క చెప్పేటప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. రుచి తెలియలేదు గానీ గొంతు దిగింది. ఆవిడ చెంచాతో గిల్టు దవడ పక్కనుంచి గంజి పోసింది. సగం కారిపోయింది. మళ్లీ నా వంక చూసింది. నేను ఇంకో ముద్ద తిన్నాను.

అలా రోజూ సాగింది. బడికి ముందొకసారి, వచ్చాక ఒకసారి. నడుమ ఒక ఆదివారం మధ్యాహ్నం గిల్టుకి ఫిట్స్ వచ్చాయి. పడుకున్నచోటే నాలుగు కాళ్లతో పరుగెత్తినట్టు కొట్టుకుంది, నోట్లోంచి నురగ వచ్చింది. పిన్ని దాని తలకింద గుడ్డ పెట్టి పక్కన కూర్చుంది. "ఏం కాదు అని అననురా. అవుతోంది, నాకు తెలుస్తోంది. నేనిక్కడే ఉన్నాను" అని దానితో చెప్పింది. దానితోనే చెప్పింది. చేయి మాత్రం నా వీపు మీద ఉంది.

కథల్లో అయితే నేను ఇక్కడ బావురుమనాలి. అనలేదు. ఒళ్లంతా చెక్కలాగే ఉంది. కాసేపటికి గిల్టు సర్దుకుని, అలిసిపోయి నిద్రపోయింది. అప్పుడు నాకు ఆకలేసింది. చాలా రోజుల తర్వాత నిజంగా ఆకలేసింది. "పిన్నీ, ఆకలేస్తోంది" అన్నాను. ఆవిడ గభాలున లేచి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని వాళ్లింట్లోకి వెళ్లి, చాలాసేపటికి గానీ అన్నం తీసుకుని రాలేదు. వచ్చేసరికి ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడవాల్సింది నేనైతే ఆవిడెందుకు ఏడ్చిందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

గిల్టు బతికింది. వెనక కాలు ఒకటి మాత్రం నిద్రలో కూడా అదురుతూ ఉండేది, చివరిదాకా అలాగే అదిరింది. మరుసటి ఏడు నాన్న తనే పక్కింటికి వెళ్లి, ఫ్లాస్కులో రెండు టీకాలు తెప్పించమ్మా అని అడిగారు. "దానికేం కాదు" అన్న మాట మళ్లీ మా ఇంట్లో వినలేదు. అమ్మ కోసం నాకు ఏడుపు వచ్చింది ఎన్నో ఏళ్ల తర్వాత, పొట్లకాయ తరుగుతుంటే.

ఇప్పుడు నేను గుడివాడలో ఉంటున్నాను. సందులో దొరికిన ఒక కుక్క నా దగ్గర ఉంది, దాని తల్లిదండ్రులెవరో దానికే తెలియాలి. ఏటా టీకాలు వేయిస్తాను, పళ్లు చూపిస్తాను. ఏ బ్రీడ్ అండీ అని కుర్ర డాక్టరు అడిగితే, మాదేనయ్యా అంటాను. అతను నవ్వుతాడు.

మొన్న గుడ్లవల్లేరులో తెలిసినవాళ్లింట్లో పెద్దాయన పోతే వెళ్లాను. చిన్న కూతురు సొమ్మసిల్లి పడిపోతోంది, చుట్టూ పదిమంది ఉన్నారు. పెద్ద కూతురు వచ్చినవాళ్లకి కుర్చీలు వేస్తోంది, కాఫీలు చూస్తోంది, ఫోన్లు మాట్లాడుతోంది. గట్టి మనిషండీ, ఆవిడకేం కాదు అన్నారు నా పక్కనున్నావిడ. నేను లేచి ఒక పళ్లెంలో అన్నం పెట్టించుకుని ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లాను. "ఒంటరిగా తినొద్దని డాక్టరు చెప్పాడమ్మా నాకు. కాస్త తోడు కూర్చుని నాలుగు ముద్దలు తిను" అన్నాను.

ఏ డాక్టరూ నాకలా చెప్పలేదు. ఆ అమ్మాయికీ అది తెలిసే ఉంటుంది. ఒక నిమిషం నా ముఖంలోకి చూసి, చేతిలో ఫోను పక్కన పెట్టి, కూర్చుంది.