మనిషిని మోసే తాడు

చింతచెట్టెక్కి కొమ్మలు కొట్టడం మా ఇంటాయన పని. ఇప్పుడు నా పని. బంట్వారం నుంచి వికారాబాద్ దాకా ఎవరి చెట్టు ఇంటి మీదికి వాలినా నాకే కబురొస్తుంది. నాకు చదువు రాదు, సంతకం పెడతాను, అంతే. తాడు సంగతి మాత్రం నన్నడగండి.

ఆయన తాండూరులో బండల లారీకి కట్టి తీసేసిన తాడు తెచ్చుకున్నాడు. "గన్ని బండలు మోసింది, నన్ను మొయ్యదా?" అని నవ్వాడు. మొదటి కొమ్మ దగ్గరే తెగింది. నడుము విరిగి రెండేళ్ళు మంచంలో ఉండి చనిపోయాడు. ఆ తెగిన ముక్క పురి విప్పి చూశాను. పైకి బాగానే ఉంది. లోపలంతా బండల దుమ్ము. ఆ దుమ్మే ఒక్కొక్క పోగునూ కోసేసింది.

మొన్న నా తాడు అరిగిందని బిడ్డ పట్టుబట్టింది. నేను పైనుంటే, పై కొమ్మ మీదుగా వేసిన తాడు కొసను చెట్టు మొదలుకు చుట్టి కింద పట్టుకునేది అదే.

"కొత్తది తేకుంటే నేను కింద నిలబడనమ్మా."

ఇద్దరం తాండూరు పోయాము. చెట్టెక్కే తాడు కావాలంటే దుకాణం సేటు నీలం తాడు చుట్ట ముందర పడేశాడు.

"ఎవలెక్కుతరక్కా?"

"నేనే."

"నువ్వా!" అని నవ్వాడు. "గిది తీస్కపో. బండల లారీలకు గిదే కడ్తరు, ఫికర్ లేదు."

"బండ పడితే ఇంకో బండ తెచ్చుకుంటరు సేటూ. నేను పడితే నా బిడ్డ ఏడికెళ్లి తెచ్చుకోవాలె?"

ఆ నీలం తాడును తడిపి ముడివేసి లాగాను. ముడి జారిపోయింది. గుమ్మానికి వేలాడే ఇంకో తాడును గోటితో గీకితే తెల్లగా పొడి రాలింది. ఎండకు చచ్చిన తాడు. అప్పుడు సేటు లోపలికెళ్ళి బొటనవేలంత లావు తెల్ల నైలాన్ తాడు తెచ్చాడు. పురి విప్పి చూస్తే లోపల శుభ్రంగా ఉంది. తడిపినా ముడి నిలబడింది. లాగితే కొంచెం సాగింది. సాగాలి. బిర్రుగా ఉండే తాడు మనిషి పడితే నడుము విరిచేస్తుంది.

ఎదురుగా ఉన్న వేపచెట్టుకు కట్టి, నడుముకు చుట్టుకుని, కాళ్ళెత్తి వేలాడాను. చాయ్ హోటలోళ్ళంతా బయటికొచ్చారు.

"అమ్మా, అందరు చూస్తున్నరే!"

"చూడనీ."

"యా అల్లా! నా దుకాణం ముందట గిట్ల వేలాడితే గిరాకీ పారిపోతది, దిగక్కా!" అన్నాడు సేటు.

ఆ తెల్ల తాడు కొన్న మూడో రోజు పెద్ద చింతచెట్టు మీద నా కాలి కింద కొమ్మ విరిగింది. రెండు బారలు కిందికి జారాను. తాడు సాగి, ఆగింది. బిడ్డ అరవలేదు. కొస వదల్లేదు.

"అమ్మా, ముడి?"

"ఉన్నది."

"తాడు?"

"మస్తుగున్నది."

"అయితే కొట్టు మరి."

మిగతా కొమ్మలన్నీ కొట్టే దిగాను.

ఆ సాయంత్రం పక్కింటాయన వచ్చి గడ్డి మోపు కట్టడానికి తాడు అడిగాడు. మా ఊళ్ళో తాడడిగితే ఎవరూ లేదనరు. నేను నోరు తెరిచేలోపే బిడ్డ గడపలో అడ్డం నిలబడింది.

"మోపుకు దొడ్లె వేరే తాడున్నది, తీస్కపో మామా. గిది మా అమ్మను మోసే తాడు."