పన్నెండో కిలో

మా చిన్నప్పుడు... అంటే పది పాసై పాలిటెక్నిక్‌లో చేరిన రోజుల్లో... ఒక మధ్యాహ్నం మా సివిల్ ల్యాబ్‌లో రెండు బల్లల మధ్య ఐస్‌క్రీమ్ పుల్లల బ్రిడ్జిలు ఒక్కొక్కటే విరుగుతున్నాయి.

తొంభైల చివరి సంగతి. ఎవరి బ్రిడ్జి వాళ్లే గీసి, లెక్కలు వేసి, పుల్లలు జిగురుతో అతికించి తేవాలి. దాని మధ్యలో బకెట్ వేలాడదీసి, కిలో తూకం రాళ్లు ఒక్కొక్కటిగా అందులో పెట్టాలి. ఎక్కువ మోసినవాళ్లు రాజమండ్రి పోటీకి వెళ్తారు.

రాళ్లు పెట్టే పని సార్ నాకిచ్చారు. క్లాస్ ఫస్ట్‌ని కదా... నమ్మకం.

"నెమ్మదిగా దించమ్మా. పైనుంచి వదిలితే కిలో రాయి కిలోలా ఉండదు" అన్నారు.

నా బ్రిడ్జి పదకొండు కిలోలు మోసి, పన్నెండుకి విరిగింది. అప్పటికి అదే ఎక్కువ. ఇక మిగిలింది పద్మది. రామచంద్రపురం నుంచి రోజూ ఒకే బస్సులో, పక్కపక్కనే కూర్చుని వచ్చేవాళ్లం ఇద్దరం.

దాని బ్రిడ్జి పదకొండు కిలోలకీ కాస్తయినా వంగలేదు...

పన్నెండో రాయి తీశాను. సార్ తల వంచుకుని రాసుకుంటున్నారు. పద్మ ఒంగి తన అతుకుల వైపే చూస్తోంది. జానెడు ఎత్తు నుంచి వదిలేశాను.

ఫట్‌మని విరిగింది.

"ఇద్దరివీ పదకొండే. నీ బ్రిడ్జి తేలిక కాబట్టి నువ్వెళ్లమ్మా" అన్నారు సార్ నాతో.

సాయంత్రం బస్సులో పద్మ, "మధ్య అతుకు సరిగా ఆరలేదేమోనే... తొందరపడ్డాను" అంది.

చెప్పాల్సింది అప్పుడే. "అయ్యుండొచ్చులే" అన్నాను.

పోటీకి అలాంటిదే ఇంకోటి కట్టాను. బయల్దేరే రోజు పద్మ బస్టాండుకి వచ్చి, తన పాత ఓణీలో దాన్ని చుట్టిచ్చింది. "గోతులొస్తే ఒళ్లో పెట్టుకోవే" అంది. దాని మొహంలోకి చూడలేకపోయాను. రాజమండ్రిలో నాకు ఏ బహుమతీ రాలేదు.

మూడో ఏడు ప్రాజెక్టప్పుడు పద్మ, "డిజైన్ నువ్వు చూసుకోవే. నేను కట్టింది నిలబడదు" అంటూ సర్వే పని తీసుకుంది. నాకన్నా మంచి లెక్కలు దానివి... అప్పుడూ నోరు విప్పలేదు నేను.

కిందటేడు పెద్దాపురం జాతరలో పద్మ కనిపించింది. పక్కకి తీసుకెళ్లి అంతా చెప్పేశాను.

"ఇన్నాళ్లూ అది నా తప్పే అనుకున్నానే" అంది. తిట్టలేదు. కూతురు గాజులు అడుగుతోందంటూ కొట్టు వైపు వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది...

ఇప్పుడు పిల్లలు కంప్యూటర్లోనే బ్రిడ్జి కట్టి, అక్కడే బరువు పెట్టి చూస్తున్నారు. స్నేహితురాలి కష్టం పక్కన రాయి పట్టుకుని నిలబడే పని ఎవరికీ లేదు.

మీకూ ఇలాంటిదొకటి ఉంటే చెప్పండి... కానీ ఇక్కడ రాసేముందు, ఆ మనిషికి ఒకసారి ఫోన్ చేయండి.