సముద్రం కాదు, తొట్టి

భూపతికి కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. అద్దాల తొట్టిలోకి చూసి ఎవరైనా "మొక్కలు మంచిగున్నయ్" అన్నారంటే చాలు, చేస్తున్న పని ఆపి వెనక్కి తిరుగుతాడు. "మొక్కలు కావు, జీవాలు. వాటికీ నోరుంది, కడుపుంది. నీకున్నట్టే" అంటాడు. ఆ చివరి మాట దగ్గర ఎదుటివాడి పొట్ట వంక ఒకసారి చూస్తాడు కూడా. అందుకే సిద్దిపేటలో అతనికి పనిచ్చే ఇళ్లు నాలుగే. ఆ నాలుగూ గతిలేక ఇచ్చేవే. ఉప్పునీళ్ల తొట్టిలో పగడాన్ని రాయికి అతికించి బతికించే మనిషి ఈ చుట్టుపక్కల ఇంకొకడు లేడు మరి.

పుట్టింది మగ్గం గుంట పక్కన. తెగిన పోగును ముడి కనపడకుండా అతకడం తండ్రి దగ్గర పదేళ్లకే నేర్చాడు. మగ్గం కూడు పెట్టకపోతే భివండి పోయాడు, అక్కడి పవర్‌లూమ్‌ల మోతకు ఒక చెవి మందగించింది. తర్వాత దుబాయ్. బట్టల మిల్లు అని చెప్పి తీసుకుపోయిన ఏజెంటు తీరా హోటల్లో చేపల తొట్లు కడిగే పనిలో పడేశాడు. ఆ ఏజెంటు పేరెత్తితే ఇప్పటికీ భూపతి నోట మంచి మాట రాదు.

ఆ హోటల్లోనే పగడాల పని పట్టుబడింది. గట్టి పగడాలతో తంటా లేదు. అడుగు భాగం తుడిచి, చిక్కటి గమ్ము పెట్టి, రాతికి అదిమి ఇరవై లెక్కపెడితే అతుక్కుంటాయి. చిక్కంతా మెత్తటి వాటితోనే. ముట్టుకోగానే జిగురు కక్కుతాయి, గమ్ము జారిపోతుంది, తెల్లారేసరికి తొట్టిలో ఎక్కడో కొట్టుకుపోయి కుళ్లుతాయి. వాటిని నూలు దారంతో కట్టాలని భూపతికి తట్టింది. బిగిస్తే కండ కోసుకుపోతుంది, వదులైతే ఊడిపోతుంది. తండ్రి నేర్పిన ముడి ఆ రెంటికీ నడుమ సరిగ్గా నిలిచింది. పదో రోజుకు పగడమే రాయిని పట్టుకుంది. హోటల్ మేనేజరు అందరినీ పిలిచి చూపించాడు. భూపతి చేతుల్ని చూసి ఒకరు అబ్బా అనడం జన్మలో అదే మొదలు.

తిరిగొచ్చాక మూడేళ్ల కిందట, ఇళ్లు కట్టి అమ్మే శ్రీకాంత్ రావు తన హాల్లో ఆరడుగుల తొట్టి పెట్టించుకున్నాడు. పగడాలు మన సముద్రంలోవి కావు. మనవాటిని ముట్టుకుంటే జైలే. ఇవి పైదేశంలో తొట్లలో పెంచి కాగితాలతో పంపినవి. వాటిలో బొటనవేలంత మెత్తటి పగడం ఒకటుంది. చేతివేళ్లలా కొమ్మలు వేసే రకం. దాన్ని భూపతి తన ఇంటి నూలుతో రాయికి కట్టాడు. మూడేళ్లలో అది అన్నం పళ్లెమంత అయింది. పెళ్లాం సంధ్య "నీకు మాకన్న అదే ఎక్కువైంది" అని దెప్పేది. అతను కాదనేవాడు కాదు.

తొట్టి పెట్టిన కొత్తల్లో శ్రీకాంత్ తల్లి స్వరాజ్యం ఒప్పుకోలేదు. నట్టింట్లో నీచు వాసనేంటని రెండు రోజులు అన్నం మానేసింది. భూపతే కూర్చుని ఏవో రెండు మాటలు చెప్పి ఒప్పించాడు. అప్పట్నుంచి ఆమె రోజూ స్నానం చేసి వచ్చి తొట్టి నీళ్లు వేలితో తాకి కళ్లకద్దుకునేది. ముసలామె చాదస్తం అనుకుని భూపతి పట్టించుకోలేదు.

ఈసారి వినాయకుడి నిమజ్జనం అయిన మర్నాడు, ఎప్పటిలాగే అతను శ్రీకాంత్ ఇంటికి వెళ్లాడు. హాల్లో అడుగు పెట్టగానే కాళ్లు ఆగిపోయాయి. తొట్టి నీళ్లు పసుపురంగు బురదలా ఉన్నాయి. పైన గరిక, బంతిరెక్కలు, రెండు చచ్చిన చేపలు తేలుతున్నాయి. అడుగున కరిగిన ఉండ్రాళ్లు. తొమ్మిది రోజులు పూజలందుకున్న మట్టి గణపతి, తొండం కరిగిపోయి, సరిగ్గా అతని పగడం మీద కూర్చుని ఉన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవడు చేసిండు గీ పని? మనిషే చేసిండా, గొడ్డు చేసిందా?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. ఇడ్లీ పళ్లెంతో శ్రీకాంత్ బయటికొచ్చాడు. అతను నోరు తెరిచేలోపే పూజగదిలోంచి స్వరాజ్యం వచ్చింది.

"నేనే చేసిన" అంది.

"ఊర్లె చెరువు లేదా అమ్మా? ఊరంత కోమటి చెరువుకు పోలేదా? మూడేండ్లు సాకిన జీవం అది! దాని నోట్ల మన్ను కొట్టిన్రు గద!"

"మోకాళ్లు పోనియ్యలే. వీనికి తీరదాయె. ఇంట్ల సముద్రముండంగ చెరువెందుకని మూడుసార్లు ముంచి ఇడిచిన." ఆమె గొంతులో తప్పు చేసినట్టే లేదు. "నువ్వే గద బిడ్డా చెప్పినవ్. 'ఉత్త నీళ్లు కావు దొరసానీ, రామేశ్వరం సముద్రం నీళ్లు, పొద్దుగాల తాకితే పుణ్యం' అంటివి. నేనెన్నడు సముద్రం చూడలే. నీ మాట మీదనే మూడేండ్లు మొక్కిన."

నిజమే, ఆ మాట భూపతిదే. అన్నాడు. అక్షరాలా అన్నాడు. ఆ రోజు పని చెయ్యి జారిపోతుందని అన్నాడు. దొరసాని అని కూడా అన్నాడు. అతని తల్లి కొండవ్వ ఇలాంటి గడపల బయట నిలబడి జీవితమంతా అన్న మాట అది. తాను చచ్చినా అననని ఒట్టేసుకున్నాడు. ఒట్టు తీసి గట్టున పెట్టి మరీ అన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, ఇంతకన్నా లోకువ ఇంకేం కావాలి? తిట్టాల్సినవాడు దొరికాడు, తీరా చూస్తే తనే.

శ్రీకాంత్ నవ్వాడు. "లొల్లెందుకు భూపతీ? అంత ఎత్తి పారేయ్. సాయంత్రానికల్ల ప్లాస్టిక్‌వి పెట్టిపిస్త. చావవు, కుళ్లవు."

తీసుకుపోదామంటే తన ఇంట్లో ఉప్పునీళ్ల తొట్టి లేదు. బయటికి తీస్తే ఆ పగడం ఒక్క రోజు కూడా బతకదు. భూపతి శ్రీకాంత్ వైపు చూడలేదు. ముసలామెకు ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

"అమ్మా, అది రామేశ్వరం కాదు. మీ బోరు నీళ్లే. వడగట్టి, సంచిల ఉప్పు కలిపిన. మీరు ఒప్పుకోవాలని అబద్దం చెప్పిన. అది సముద్రం కాదు, తొట్టి."

స్వరాజ్యం తొట్టి వంక చూసింది.

"అంటే నా గణపతి ఏడికి పోలే?"

"పోలే. గీడనే ఉన్నడు."

"మూడేండ్లు నన్ను ఉప్పు సంచికి మొక్కిచ్చినవురా!" ఆమె కర్ర ఎత్తింది. కొడుతుందనే అనుకున్నాడు, కొడితే బాగుండనుకున్నాడు. కొట్టలేదు. "తియ్యి. రవ్వంత మన్ను మిగలకుండ తియ్యి. చెరువుల కలుపుదాం. నేనూ వస్త."

"అమ్మా, ఎట్లయినా అన్నీ పారేసేటియే కదనే" అన్నాడు శ్రీకాంత్.

"నోర్ముయ్. దేవుడు కూసున్న జాగ అది. పెంటల పారేస్తవా? భూపతి తప్ప ఇంకెవడన్న ముట్టిండంటే నా మీద ఒట్టే!"

శ్రీకాంత్ పళ్లెం తీసుకుని లోపలికి పోయాడు.

భూపతి ముందు పగడం పైనుంచి గణపతిని రెండు చేతులా ఎత్తి బకెట్లో పెట్టాడు. సన్న గొట్టంతో బురదను పీల్చి అదే బకెట్లోకి వదిలాడు. మేడమీది డ్రమ్ములో నిలవ ఉన్న ఉప్పునీళ్లు తెచ్చి మార్చాడు. పళ్లెమంత పగడంలో సగానికి పైగా నల్లబడి చేతిలో ముద్దలా ఊడొచ్చింది. పళ్లు కొరుకుతూ కోసి పారేశాడు. నాలుగు కొమ్మల్లో మాత్రం ఇంకా బిగువుంది. వాటిని వేరు చేసి నాలుగు రాళ్లకు నూలుతో కట్టాడు. మూడో ముడి రెండుసార్లు విప్పి మళ్లీ వేశాడు. స్వరాజ్యం కుర్చీ వేసుకుని చివరిదాకా చూసింది.

తర్వాత ఆటోలో కోమటి చెరువుకు పోయారు. మెట్ల దగ్గర ఆమె అతని భుజం పట్టుకుని దిగింది. బకెట్ వంచబోతే ఆగమంది. వంగి, దోసిట్లో నీళ్లు తీసుకుని నాలుక మీద వేసుకుంది.

"సప్పగుంది. చెరువే" అని, అప్పుడు వంచమంది.

నాలుగింటిలో ఒకటి కుళ్లిపోయింది. మూడు పట్టుకున్నాయి. పన్నెండో రోజు భూపతి దారాలు కత్తిరిస్తుంటే స్వరాజ్యం వచ్చి దూరంగా నిలబడింది. ఇప్పుడామె తొట్టి నీళ్లు తాకడం లేదు.

"ఓ భూపతీ, గివి నిజంగ జీవాలేనా? లేకుంటే గదీ ఉత్తమాటనేనా?"

వేరెవరైనా అడిగి ఉంటే ఏం జరిగేదో సిద్దిపేటంతటికీ తెలుసు. భూపతి కోపం కోసం వెతుక్కున్నాడు, దొరకలేదు. వేలు నీళ్లలో పెట్టి ఒక కొమ్మను అంటీ అంటనట్టు తాకాడు. దాని మీద విచ్చుకుని ఉన్న సన్నటి నోళ్లన్నీ ఒక్కసారిగా ముడుచుకుపోయాయి.

ముసలామె దగ్గరికొచ్చి, కొంగుతో అద్దం తుడుచుకుని, అవి మళ్లీ తెరుచుకునేదాకా అక్కడే నిలబడింది.