శనివారం తలంటు

గంజాం జిల్లా ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులు. బరంపురంలో మేష్టరీ చేస్తూ, దసరా సెలవుల్లో ఒంటరిగా సముద్రం చూద్దామని ఋషికుల్య నది రేవులో పడవెక్కాను. ఆ రోజు శనివారం, మా ఇంట మగవాళ్లకి తలంటు తప్పదు. అవతలి ఒడ్డున దిగి "కాస్త నూనె ఉందా?" అని అడిగితే, పడవవాడు ముంత అందించాడు. పడవంతా నీచుకంపే కనుక అనుమానించకుండా తలకీ ఒంటికీ పట్టించాను. జిడ్డు కారి పెదవులకి తగిలింది.

"ఇదేం నూనెయ్యా?"

"సొరసేప కార్జం నూని బాబూ. పడవకి పూస్తాం, ఒంటికీ మంచిదే."

ఛీ! చేప పేరెత్తితేనే నోరు పుక్కిలించే వంశం మాది. పొద్దుటి ఉప్మా ఇసుకలో కక్కేశాను. ఎన్ని మునకలేసినా కంపు పోలేదు, ఈగలు వదల్లేదు.

తిరుగు పడవలో ఎండుచేపల గంపతో కూర్చున్న ఆమె ముక్కు మూసుకుంది. "అటు జరగండి బాబూ, మీ కంపు నా సేపలకి అంటుకుంటాది!"