ఎస్తేరమ్మగారూ, కొండ చూడని జీపూ

మొన్న అమలాపురం నుంచి కొత్తపేట వెళుతుంటే మా ఆటో టైరు పంక్చరైంది. పంక్చరు వేసే బడ్డీకి ఆనుకుని ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఉంది. లోపల ఎవరో ఒక ట్రాక్టరు ఇరుసు అడుగున బోల్టు విప్పారు. నల్లటి పాత గేరాయిలు జిగటగా డబ్బాలోకి దిగింది. ఆ వాసన ఒకసారి తెలిసినవాళ్ళు మరిచిపోలేరు. గంధకం, మాడిన ఇనుము, మురిగిన కోడిగుడ్డు కలిపినట్టుంటుంది. ఆటో డ్రైవరు ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని, "అటెళ్ళి కూర్చోండి మేడమ్‌గారూ, ఇక్కడ కంపండి" అన్నాడు. నేను కదల్లేదు. నలభై ఏళ్ళు దాటినా ఆ వాసన తగిలితే నా కళ్ళ ముందు ఒక మనిషి నిలబడుతుంది. తెల్ల చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, మోచేతుల దాకా మసి పూసుకుని, పెదవుల మధ్య రెండు నట్లు కరిచిపట్టుకున్న మా మేట్రన్ ఎస్తేరమ్మగారు.

ఆవిడ మా ఆసుపత్రిలో నర్సులందరికీ పెద్ద. వాళ్ళ తాతగారు రాజోలు వైపు పొలం కూలికి వెళ్ళే రోజుల్లో బాప్తిస్మం తీసుకున్నారట. నాన్నగారు బడి పంతులయ్యారు. ఈవిడ మిలిటరీ నర్సింగులో చేరి, ఎక్కడెక్కడో మంచుకొండల కింద పనిచేసి, అక్కడే అంబులెన్సు నడపడం కూడా నేర్చుకుని, నలభై అయిదేళ్ళ వయసులో అమలాపురం వచ్చారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం మాకు లేదు, చెప్పాల్సిన అవసరం ఆవిడకి కనిపించలేదు. అందరికీ కోపం వస్తే గొంతు పెరుగుతుంది. ఆవిడకి తగ్గేది. వార్డులో ఆవిడ మెల్లగా మాట్లాడుతున్నారంటే మేం గోడలకి అతుక్కుపోయేవాళ్ళం.

డెబ్బైల చివరలో ఆసుపత్రికి కొత్త వ్యాను వచ్చింది. దాంతో పాత జీపు వెనకవైపు కొబ్బరిచెట్ల కిందకి చేరింది. రెండు వర్షాకాలాలు అక్కడే తడిసింది. బానెట్ మీద కొబ్బరికాయ పడ్డ సొట్ట, సీట్లలోంచి పైకి తేలిన పీచు, ఉప్పుగాలికి పొరలుపొరలుగా లేచిన తుప్పు. దాని కింద కుక్క పిల్లల్ని పెట్టింది కూడా. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎస్తేరమ్మగారికి నేపాల్ నుంచి ఉత్తరం వచ్చింది. మిలిటరీలో ఆవిడతో కలిసి పనిచేసిన డాక్టరు ఒకాయన అక్కడ కొండల్లో కుష్ఠురోగులకి చిన్న ఆసుపత్రి నడుపుతున్నాడు. రోగుల్ని బుట్టల్లో కూర్చోబెట్టి మనుషులు వీపున మోసుకొస్తున్నారనీ, కొండెక్కే బండి ఏదైనా దొరికితే సగం ప్రాణాలు నిలబడతాయనీ రాశాడు.

ఆ ఉత్తరం పట్టుకుని ఆవిడ తిన్నగా ఆసుపత్రి కమిటీ ముందుకి వెళ్ళారు. జీపుని వాళ్ళకి ఇచ్చేద్దామనీ, తానే నడిపి తీసుకెళ్ళి ఒక ఏడాది అక్కడ పనిచేసి వస్తాననీ చెప్పారు. కార్యదర్శిగారు మంచాయనే, కాని నవ్వు ఆపుకోలేకపోయారు.

"ఎస్తేరమ్మగారూ, ఆ డొక్కు రావులపాలెం వంతెన దాటితే గొప్పండి. నేపాలంటే పరాయి దేశం. ఐనవిల్లి వెళ్ళొచ్చినట్టు కాదు కదండీ."

"దాటకపోతే వెనక్కి తోసుకొచ్చి మీ గుమ్మంలో పెడతానండి. నాకు రెండు నెలలు టైమివ్వండి. నాతో ఒక నర్సు వస్తుంది. కరుణ."

కరుణ అంటే నేను. కాఫీ కప్పులు తీయడానికి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను. ఆవిడ నన్ను అంతకుముందు ఒక్క మాట కూడా అడగలేదు. ఇంటికెళ్ళి చెబితే అమ్మ గొల్లుమంది. నాన్న మాత్రం, "ఆవిడ నీ పక్కన ఉంటారంటే నాకు భయం లేదు" అన్నారు. నాకు మాత్రం భయమే. ఇరవై నాలుగేళ్ళు, సైకిలు తప్ప ఏదీ తొక్కి ఎరగను.

కొత్తపేటలో నూకరాజు మేస్త్రిగారి షెడ్డుకి ఎద్దుల చేత జీపుని లాగించుకెళ్ళాం. మేస్త్రిగారు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, కింద దూరి చూసి, పైకి లేచి నా వైపు చూశారు.

"బండి సంగతి సరేనండి. ఈ అమ్మాయిగారికేం పనండీ ఇక్కడ? మసి అంటుకుంటదండి."

"అంటుకోవాలనే తెచ్చేనండి" అన్నారు ఎస్తేరమ్మగారు.

"నేను నర్సునండి, నాకీ పనేం తెలుసండి" అన్నాను ఏడుపు గొంతుతో.

"నర్సువనే చెప్తున్నా. లోపల ఏముందో తెలీకుండా ఏ రోగికైనా సూది గుచ్చుతావా? దారిలో ఇది మూలిగితే ఎక్కడ మూలిగిందో మనకి తెలియాలమ్మా. అక్కడ మేస్త్రిగారుండరు."

అలా మొదలైంది. పగలు డ్యూటీ, సాయంత్రాలు షెడ్డు. ఆవిడ పాత దుప్పటి నేల మీద పరిచి, విప్పిన ప్రతి భాగాన్నీ ఆపరేషను బల్ల మీద పనిముట్లలా వరసగా పేర్పించేవారు. తీసిన వరసలోనే తిరిగి బిగించాలి. వారం గడిచాక నన్ను కళ్ళు మూసుకోమని, చేతికి ఒక్కొక్కటీ ఇచ్చి పేరు చెప్పమనేవారు. మేస్త్రిగారు మొదట్లో నవ్వేవారు. తరవాత ఆయనే నాకు పరీక్షలు పెట్టడం మొదలుపెట్టారు. "ఇది చెప్పండి చూద్దాం" అని అరచేతిలో గుండు లాంటి బేరింగు పెట్టి, నేను చెప్పగానే "ఆయ్!" అని తొడ చరుచుకునేవారు.

అన్నిటికన్నా మొండికేసింది ముందు చక్రాలకి కూడా ఇంజను బలం అందించే చిన్న లివరు. కొండెక్కాలన్నా, బురదలోంచి బయటపడాలన్నా నాలుగు చక్రాలూ తిరగాలి. ఆ లివరు అంగుళమైనా కదల్లేదు. "పుట్టినకాణ్ణుంచీ దీన్నెవరూ ముట్టుకోలేదండి. మన సీమలో ఎక్కడానికి ఏముందండీ, ఈ బండి కొండ మొహమే చూళ్ళేదు" అన్నారు మేస్త్రిగారు. మూడు రోజులు కిరసనాయిల్లో నానబెట్టి, సుత్తితో మెల్లగా తడుతూ, నాలుగో రోజు ఎస్తేరమ్మగారు రెండు చేతులా తోస్తే టక్కుమంది. ఆవిడ నవ్వడం నేను మొదటిసారి అప్పుడే చూశాను.

ఆ రెండు నెలల్లోనే నాకు డ్రైవింగు నేర్పారు. కాలవగట్టు మీద నేను స్టీరింగు పట్టుకుని వెళుతుంటే చేలల్లో ఊడ్పులు ఊడ్చే ఆడవాళ్ళు నడుములు ఎత్తి చూసేవారు. పరాయి దేశానికి బండి తీసుకెళ్ళడానికి కాగితాలు కావాలంటే, రవాణా ఆఫీసులో గుమాస్తా చాసిస్ మీద, అంటే బండి అడుగు చట్రం మీద, నంబరు కనిపించడం లేదన్నాడు. ఎస్తేరమ్మగారు వాదించలేదు. గుడ్డా గరుకు కాగితమూ తీసుకుని ఆఫీసు ఆవరణలోనే జీపు కింద పడుకుని తుప్పు రుద్దారు. నంబరు తేలగానే దాని మీద తెల్లకాగితం పెట్టి పెన్సిలుతో గీసి, ఆ అచ్చు తీసుకెళ్ళి గుమాస్తా బల్ల మీద పెట్టారు. ఆయన లేచి నిలబడి సంతకం చేశాడు.

ఇక పరీక్ష మిగిలింది. కొండలు లేని చోట కొండెక్కడం ఎలా? మేస్త్రిగారే దారి చెప్పారు. గోదావరి లంక ఇసకలోకి జీపు దింపి, ఇసక బస్తాలు నింపి, అక్కడినుంచి ఏటిగట్టు మీదకి తిన్నగా ఎక్కించాలి. ఆ మధ్యాహ్నం సగం కొత్తపేట గట్టు మీదకి చేరింది. వెనక చక్రాలు ఇసక చిమ్మి కూరుకుపోయాయి. ఎస్తేరమ్మగారు చిన్న లివరు ముందుకి తోశారు. ముందు చక్రాలు పట్టు దొరకబుచ్చుకుని, జీపు ఒక్కో అడుగే వేస్తూ గట్టెక్కింది. జనం ఈలలు వేశారు. కార్యదర్శిగారు చప్పట్లు కొట్టారు. నేనైతే ఎగిరి గంతేశాను.

రెండు రోజుల తరవాత, బయలుదేరే ముందటి సాయంత్రం, చర్చి ఆవరణలో వీడ్కోలు సభ పెట్టారు. జీపుకి బంతిపూల దండలు వేశారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నారు. కళ్ళు మూసుకున్న నాకు ఉన్నట్టుండి ముందు ఎడమ చక్రం గుర్తుకొచ్చింది. బేరింగుకి గ్రీజు పెట్టి, నట్టు బిగించి, ఆ నట్టు వదులై తిరగకుండా దాని మీదకి ఒక పల్చటి రేకు మడవాలి. కుడి చక్రానికి మడిచాను. ఎడమ దానికి మడిచేలోగా ఆ రోజు పడిన రాత్రి డ్యూటీకి టైమైందని చెయ్యి కడుక్కుని పరుగెత్తాను. మర్నాడు మూత వేసి బోల్టులు బిగించేశాను. మడిచానా? ఎంత తలుచుకున్నా వేళ్ళకి ఆ రేకు వంగిన జ్ఞాపకం లేదు.

 చెబితే ఇంతమంది ముందు పరువుపోతుంది. గట్టెక్కింది కదా, ఏం కాదులే అని కూడా అనిపించింది. అలా అనిపించినందుకు ఇప్పటికీ నాకు సిగ్గే. ప్రార్థన అయ్యేసరికి ఆవిడ పక్కకి వెళ్ళి చెవిలో చెప్పాను. ఆవిడ నా ముఖం చూశారు. ఒక్క ప్రశ్నే అడిగారు.

"గుర్తులేదా, మడవలేదా?"

"గుర్తులేదండి."

ఆవిడ వేదిక మీదకి వెళ్ళారు. గొంతు మామూలుగానే ఉంది. "రేపు బయల్దేరడం లేదండి. ముందు చక్రం ఒకటి మళ్ళీ విప్పి చూడాలి. ఆఖరుసారి చూడాల్సింది నేను. చూడకుండా సరే అన్నాను. తప్పు నాది. భోజనాలు మాత్రం చేసి వెళ్ళండి."

కార్యదర్శిగారి ముఖం మాడిపోయింది. "ఇంతమందిని పిలిచేకా అండీ?" అన్నారు. "అందుకేనండి. ఇంతమంది ప్రార్థన చేసిన బండి కదా" అన్నారు ఆవిడ.

మర్నాడు పొద్దున్నే చక్రం విప్పాం. రేకు తిన్నగా ఉంది, మడవలేదు. నట్టు అప్పటికే సగం చుట్టు వదులైంది. మేస్త్రిగారు దాన్ని వేలితో తిప్పి చూసి, బయటికెళ్ళి బీడీ వెలిగించారు. నేను ఏడుస్తూ కూర్చున్నాను. ఎస్తేరమ్మగారు నా పక్కనే నేల మీద చతికిలబడ్డారు.

"తప్పు మందు వేసిన పిల్ల పరుగెత్తుకొచ్చి చెప్పిందనుకో, రోగి బతుకుతాడు. నేను తిడతానని భయపడి దాచిందనుకో, ఆ చావులో నాకూ భాగముంటుంది. నిన్న నువ్వు నా దగ్గరకి రాగలిగేవు. నాకది చాలు. లే, రెండు చక్రాలూ మళ్ళీ నువ్వే కట్టు. నేను చూస్తాను."

రెండూ కట్టాను. ఆవిడ తన వేలితో రెండు రేకుల మడతలూ తడిమి చూసి, అప్పుడు మూతలు వేయనిచ్చారు.

మూడు రోజులు ఆలస్యంగా బయల్దేరాం. మేస్త్రిగారు, "నా బండి నేను చూసుకోవాలి కదండీ" అంటూ మూట సర్దుకుని వెనక సీటెక్కారు. రోజూ పొద్దు వాలకముందే ఎక్కడో ఒక ఆసుపత్రిలోనో, బడిలోనో ఆగేవాళ్ళం. ఒడిశా, బీహారు దాటి పదకొండో రోజు సరిహద్దు చేరాం. గేటు దగ్గర అధికారి ఇద్దరు ఆడవాళ్ళనీ, ఒక ముసలి మేస్త్రినీ, సొట్టపడ్డ బానెట్నీ చూసి మగ డ్రైవరెక్కడని అడిగాడు. ఎస్తేరమ్మగారు హిందీలో, "ఇద్దరం ఆడ డ్రైవర్లం ఉన్నాం, ఎవరితో మాట్లాడతారు?" అన్నారు.

ఆసుపత్రి ఇంకా ఎనిమిది మైళ్ళుందనగా కొండచరియ జారి రోడ్డంతా బురదైంది. ఒకవైపు కొండ, ఇంకోవైపు ఎక్కడో కింద ఏరు. ఇంత కొండని ఇంత దగ్గరగా చూడటం మేస్త్రిగారికి జీవితంలో ఇదే మొదటిసారి. "నేను నడిచొస్తానండి బాబూ" అని దిగిపోయారు. ఎస్తేరమ్మగారు కూడా బండి ఆపి దిగారు. నేను చక్రాలకింద రాళ్ళు పెట్టడానికేమో అనుకున్నాను. ఆవిడ చుట్టూ తిరిగి వచ్చి నా పక్క తలుపు తీశారు.

"అటు జరుగు. నువ్వు నడుపు."

"నేనా అండీ? ఇక్కడా?"

"ఆ చక్రాలు కట్టింది నువ్వు కదా. వాటి సంగతి నీకన్నా ఎవరికి తెలుసు?"

చెప్పి ఆవిడ కిందే నిలబడిపోలేదు. వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నారు. అది నేను ఎప్పటికీ మరిచిపోను. చిన్న లివరు ముందుకి తోశాను. చక్రాలు ఒకసారి జారాయి, మళ్ళీ పట్టుకున్నాయి. ఆవిడ చెయ్యి డ్యాష్‌బోర్డుని పట్టుకోలేదు, ఒళ్ళో ఉంది. ముప్పై గజాలు. నాకు అది గోదావరి ఈదినట్టు ఉంది. అవతలకి చేరి బండి ఆపాను.

ఆ జీపు అక్కడ ఏడేళ్ళు నడిచింది. మొదటి వారమే కాళ్ళు పుండ్లుపడి కదల్లేని ఒక తల్లినీ, ఆవిడ పసిబిడ్డనీ నేనే కొండ మీదకి తీసుకొచ్చాను. మేస్త్రిగారు నెల్లాళ్ళుండి, అక్కడి కుర్రాళ్ళకి పని నేర్పి, ఉన్ని టోపీ పెట్టుకుని రైల్లో ఊరికి వచ్చేశారు. ఎస్తేరమ్మగారు మాటిచ్చినట్టు ఏడాదికి తిరిగొచ్చారు. నేను మూడేళ్ళున్నాను. ఆవిడ ఎనభైల చివరలో, రిటైరయ్యాక, గుండెజబ్బుతో పోయారు. అప్పటికి నేను ఇంకో ఊళ్ళో నర్సులకి పాఠాలు చెబుతున్నాను. కబురందేసరికి సమాధి కూడా అయిపోయింది.

తరవాత నేనూ మేట్రన్‌నయ్యాను. ఒకరోజు మధ్యాహ్నం నా గదిలో పెద్ద డాక్టర్లతో మాట్లాడుతుండగా మొదటి సంవత్సరం విద్యార్థిని ఒకతె తలుపు దగ్గరకొచ్చి నిలబడింది. పెదవులు తెల్లబడి ఉన్నాయి. లోపలికి రమ్మంటే వచ్చి, అందరి ముందూ, ఆరో మంచానికి వేయాల్సిన ఇంజక్షను తొమ్మిదో మంచానికి వేశానేమోనని అనుమానంగా ఉందండి అంది. డాక్టరొకాయన కుర్చీలోంచి సగం లేచాడు. నా నోట్లోకి వచ్చిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి, అవి మంచివి కావు. వాటిని మింగి, "ఎంతసేపైంది?" అని అడిగాను. అయిదు నిమిషాలంది. "వెంటనే వచ్చావు, బతికించావు. పద" అన్నాను. ఆ పిల్ల నా ముఖంలో కోపం కోసం వెతుకుతూనే ఉంది. నేను తన భుజం మీద చెయ్యి వేశాను, ఇద్దరం గబగబా తొమ్మిదో మంచం వైపు నడిచాం.